రాష్ట్రపతి ఎన్నిక - వోటు తూనిక



రాష్ట్రపతి ఎన్నిక ఢిల్లీ పెద్దల వ్యవహారమనియు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి దానితో ప్రసక్తి లేదనియు పలువురు తలంతురు. అది సరికాదు. 1977 మార్చి ఎన్నికలలో ఆంధ్రప్రదేశమునందలి 42 లోక్‌సభ స్థానములలో 41 కాంగ్రెసుకు దక్కెను. మిగిలిన యొక్కటి నంద్యాల. అచ్చట జనతా పార్టీ పక్షమున నీలం సంజీవరెడ్డిగారు గెలిచిరి, లోక్‌సభకు స్పీకరైరి, ఆ జులైలోనే రాష్ట్రపతియైరి. అప్పుడు 37 గురు నామినేషనులు వేయగా 36 తిరస్కరింపబడెను. పోటీ లేకుండ ఆ పదవికి ఎన్నికైనవారు నేటివరకు ఆయన యొక్కరే.

ఆ యేకగ్రీవమునకు ముందొక పెద్ద కలహము నడచినది. 1969లో జాకిర్ హుస్సేనుగారు మరణింపగా కాంగ్రెసు ఇదే సంజీవరెడ్డిగారిని నిలిపెను. వరాహగిరి వెంకటగిరిగారు స్వతంత్రులుగా నిలిచిరి. ఇరువురును తెలుగువారే! అంతరాత్మ చెప్పినట్లు వోటు వేయుడని ప్రధాని ఇందిరాగాంధీగారు పలికిరి. గెలుపునకు 4,18,169 విలువ కావలసియుండగా మొదటి ప్రాధాన్యపు వోట్లతో ఎవరికిని అది చేకూరలేదు. తరువాతి ప్రాధాన్యములను గూడ లెక్కింపగా గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చెను. ఆ సంవత్సరమే కాంగ్రెసు రెండుగా చీలెను. ఎన్నికపై సుప్రీంకోర్టున వ్యాజ్యము నడువగా రాష్ట్రపతిగారే స్వయముగా సాక్ష్యమిచ్చిరి. ఎన్నిక చెల్లునని 1970 సెప్టెంబరులో తీర్పయ్యెను.

పిమ్మట చట్టమును సవరించిరి. అభ్యర్థికి పదుగురు ప్రతిపాదకులు, పదుగురు బలపరచువారు ఉండవలెనని 1974లో విధించిరి. 1997లో ఆ పదిని ఏబది చేసి, ధరావతును 15,000 రూపాయలకు పెంచిరి. 1967లో 17 గురు పోటీచేయగా తొమ్మండుగురికి ఒక్క వోటైనను రాలేదు గనుక ఈ కట్టుబాటు కొంత యవసరమే. అయినను ఇది వాకిలి బిగించుటయే గాని ఇంటిలోని తగవు తీర్చుట కాదు.

ప్రజలందరును నేరుగా రాష్ట్రపతిని ఎన్నుకొనవలెనని కె. టి. షా గారు 1948లో రాజ్యాంగసభయందు వాదించిరి. అధికారము మంత్రివర్గమునదైనప్పుడు అంతటి ఎన్నిక యేల యని నెహ్రూగారి పక్షము. నాకును నెహ్రూగారి మాటయే సమంజసముగా తోచుచున్నది. రహస్యపు వోటును తొలగించి సభ్యులను పార్టీ యాజ్ఞకు కట్టివేయుట అంతకంటె చెరుపు.

నా దృష్టిలో ఇప్పుడు ఆలోచింపవలసినది తూనికరాయి. శాసనసభ్యుని వోటు అంతట ఒకే బరువు తూగదు. రాష్ట్రపు జనాభాను శాసనసభ్యుల సంఖ్యచే భాగించి, వచ్చినదానిని మరల వేయిచే భాగింపవలెను. (బడిపంతులుకు లెక్క చెప్పక తోచదు, మన్నింపుడు.) 1971 లెక్కల ప్రకారము నేటి ఆంధ్రప్రదేశపు జనాభా 2,78,00,586. సభ్యులు 175 గురు. కావున ఆళ్లగడ్డ శాసనసభ్యుని వోటు విలువ 159. తెలంగాణ సభ్యునిది 132, ఉత్తరప్రదేశ సభ్యునిది 208, సిక్కిం సభ్యునిది 7.

1971 నాటి లెక్క నేటికిని ఏల యందురా? కుటుంబములను పరిమితము చేసికొన్న రాష్ట్రములు నష్టపోరాదని 1976లో 42వ సవరణచే ఆ సంఖ్యను నిలిపిరి. 84వ సవరణ ఆ గడువును పొడిగించెను. 2026 తరువాత జరుగు మొదటి జనాభా లెక్కలు ప్రకటింపబడగానే ఆ గడువు తీరును. అప్పుడు క్రొత్త సంఖ్యలతో తూచినచో ఉత్తరపు రాష్ట్రముల పాలు పెరుగును. మన పాలు తరుగును. పిల్లలను తక్కువగా కని చదివించుకొన్న మన పల్లెలకు ఇది యొక శిక్షవలె నుండును. మనిషికొక్క బరువు ఉండవలెననువారి వాదమును కొట్టివేయదగినది కాదు. ఏబదియేండ్ల పాతలెక్క ఎన్నాళ్లని వారడిగిన, బదులు చెప్పుట కష్టము.

ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పట్టకముందే రాతిపై తాళమానము గీసికొందురు. సగము చెక్కిన పిదప కొలత మార్చరు. పార్టీలు అభ్యర్థుల పేర్లు చెప్పిన పిదప తూనికను మార్చబూనినచో ప్రతివాడును తన లాభమునే చూచుకొనును. పైగా ఈ నియమమును మార్చుటకు పార్లమెంటున మూడింట రెండువంతుల వోట్లే గాక, సగమునకు తక్కువగాని రాష్ట్రముల శాసనసభల సమ్మతియు కావలెను. ఒక్క పక్షము బలముతో అది యగుట కష్టము. కావున మీ శాసనసభ్యుడు రచ్చబండకు వచ్చినప్పుడు రోడ్డు, కాలువల మాటలు ముగిసిన పిదప ఆయన నడుగుడు: 1971 లెక్కను ఉంచుదురా, మార్చుదురా? మార్చినచో ఏ కొలతతో?