పశుశాలల మురుగు – బావినీటి రక్షణ
(రైతుల సభలో చేసిన ఉపన్యాసము)



పశువుల కొట్టమును బావికి చేరువగా కట్టుట మన పల్లెలలో అలవాటు. నీరు తోడుటకును, పశువులను కడుగుటకును అది సులభము. ఇంటికి రెండెడ్లు, ఒక గేదె యున్న దినములలో దానివలన కీడు స్వల్పము. నేడు ఒక్క పాకలో ఇరువది ముప్పది గేదెలను కట్టి పాలవ్యాపారము చేయువారు పెక్కుమంది గలరు. ఒక్కొక్క గేదె దినమునకు సుమారు 15 మొదలు 20 కిలోల పేడ వేయును. ఇరువది గేదెలకు 300 మొదలు 400 కిలోలగును. మూత్రమును, కడిగిన నీరును వేరు. ఇదంతయు ఎక్కడికి పోవుచున్నదో విచారించితిరా?

నేలలో ఇంకిన మురుగునందలి నత్రజని నైట్రేటుగా మారి బావిని చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. నీరు కాచినచో క్రిములు చచ్చును గాని నైట్రేటు పోదు. త్రాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని భారత ప్రమాణము. మించిన నీటితో కలిపిన పాలు త్రాగు చంటిబిడ్డల రక్తము ప్రాణవాయువును మోయజాలక, దేహము నీలివర్ణము పొందు వ్యాధి కలుగవచ్చును.

“పొలము మాది, బావి మాది, సర్కారువారికేమి పని?” అని కొందరందురు. భూమిలోని నీరు గట్టురాళ్లను చూచి ఆగదు. మీ దిబ్బలోని మురుగు పొరుగువాని బావిలో ఊరును. అందుచేతనే 1974 సంవత్సరపు జలకాలుష్య నివారణ చట్టము నదులు, కాలువలతోపాటు భూగర్భజలమును గూడ తన రక్షణలోనికి తీసికొన్నది. చెడు పదార్థములను తెలిసి నీటిలోనికి విడుచుటను 24వ సెక్షను నిషేధించుచున్నది. మురుగును నీటిలోనికి గాని, నేలమీదికి గాని విడుచు పనిని స్థాపించుటకు ముందే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందవలెనని 25వ సెక్షను చెప్పుచున్నది. పాకను కట్టుటకు ముందొక అనుమతి, పని నడుపుటకు మరియొక అనుమతి కావలెను. పాకకు వేలకు వేలు వెచ్చించిన పిమ్మట స్థలము తగదనిన నష్టము మీదే గదా!

5,000 కోళ్లకు మించిన ఫారములకు ఈ అనుమతి అవసరమని కేంద్ర మండలి 2021లో మార్గదర్శకములు ప్రకటించినది. పాడిపశువుల శాలలకును అదే సంవత్సరము వేరుగా మార్గదర్శకములు వెలువడినవి. మీ పశువుల సంఖ్యకు ఏ నిబంధన వర్తించునో జిల్లాలోని మండలి కార్యాలయమున ముందుగా అడిగి తెలిసికొనుడు. దరఖాస్తు రసీదును భద్రపరచుడు. మండలి ఉత్తర్వు అన్యాయమని తోచినచో, అది అందిన 30 దినములలో అప్పీలు చేసికొను హక్కు మీకు కలదు.

ఇక చేయవలసిన పనులు:

1. పాకను బావికి, చెరువునకు దూరముగా, వాననీరు బావివైపు పారని చోట కట్టుడు.
2. గచ్చు నేల వేసి, వాలుగా కాలువ తీసి, మూత్రమును తొట్టిలోనికి పట్టుడు.
3. ఎరువుగుంతకు అడుగున, ప్రక్కల గచ్చు చేసి, పైని కప్పు వేయుడు. వరద చొరకుండ చుట్టు కట్ట పోయుడు.
4. వీలున్నవారు గోబరు గ్యాసు గుంత కట్టుకొనుడు. వంటకు మంటయు, పొలమునకు ఎరువును దక్కును.
5. బావినీటిని ఏటేట పరీక్ష చేయింపుడు.

నత్రజని కొరకు మీరు సొమ్ము పోసి యూరియా బస్తాలు కొనుచున్నారు. అదే నత్రజని మీ పాకనుండి ఊరకయే పారి మీ బిడ్డలు త్రాగు నీటిని చెరచుచున్నది. దానిని గుంతలో పట్టి పొలమునకు తోలిన రైతు చట్టమును పాటించినవాడగును, ఎరువు ఖర్చును తగ్గించుకొన్నవాడగును. ఈ వేసవిలోనే, వానలు రాకమునుపే, మీ ఎరువుగుంతను ఒకసారి పరీక్షించి చూచుకొనుడు.