కరెంటు కారుకు ప్లగ్గు పెట్టేదెవరు?



ఈ పూట మాట కరెంటు కారు గురించి. "మాకు కారెక్కడిది?" అని నవ్వకండి. టీవీ వచ్చిన కొత్తలో కూడా ఇలాగే నవ్వారు. ఇప్పుడు టీవీ లేని ఇల్లు ఏది? కరెంటు స్కూటరు, కరెంటు ఆటో ఇప్పటికే మన వీధుల్లోకి వచ్చాయి. కారుకు చెప్పే మాటలు చాలావరకు వాటికీ పనికొస్తాయి.

మండపేటలో ఒక ఇల్లు అనుకోండి. పెంకుటిల్లు. ముందు వసారా. పక్కన రేకుల షెడ్డు. ఆ ఇంటి ఇల్లాలు పగలు కూలికి వెళ్లేది. రాత్రి చదువుల కేంద్రంలో అక్షరాలు, అంకెలు నేర్చుకుంది. కొడుకు అప్పు చేసి కరెంటు కారు కొన్నాడు. రాజమండ్రికి, కాకినాడకు కిరాయికి తిప్పాలని అతని ఆశ.

కారు పెట్రోలు తాగదు. కరెంటు తాగుతుంది. ఆ కరెంటు ఇంట్లో ఎక్కడినుంచి తీయాలి? కారు వచ్చిన రోజే ఈ చిక్కు వచ్చింది.

"బియ్యం మిల్లులో మోటార్లు విప్పే కుర్రాడున్నాడమ్మా. పడగ్గది ప్లగ్గులోంచి వైరు తీసి, కిటికీలోంచి షెడ్డుకి లాగేస్తాడు. అరగంట పని. ఐదొందలిస్తే చాలంట" అన్నాడు కొడుకు.

"ఆ కుర్రాడికి ఈ పని వచ్చా?"

"మోటారు విప్పేవోడికి ప్లగ్గు రాదేంటమ్మా?"

తల్లి జవాబు చెప్పలేదు. గూట్లోంచి కరెంటు బిల్లు తీసింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. అంకెలు వచ్చు. "లోడు ఎక్కడ రాసుంటుందిరా?" అని అడిగింది. కొడుకు వేలు పెట్టి చూపించాడు. అక్కడ 1 అని ఉంది. అంటే ఒక కిలోవాటు. తర్వాత కారుతో వచ్చిన చార్జరు మీద చూసింది. అక్కడ 3.3 అని ఉంది.

"ఒకటి వాడుకుంటామని రాసిచ్చాం. ఇది ఒక్కటే మూడుకు పైన లాగుతుంది. ఎలాగరా?"

కొడుకు నోరు మెదపలేదు.

కిలోవాటు అంటే వెయ్యి వాట్లు. ఒక మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు వాడుతుంది. 3.3 కిలోవాట్లు అంటే 44 ఫ్యాన్లు ఒక్కసారి తిరిగినట్టు. ఎనిమిది గంటలు చార్జింగు పెడితే 26 యూనిట్లు దాటుతుంది.

ఇంకొక సంగతి ఉంది. మిక్సీ పది నిమిషాలు తిరిగి ఆగుతుంది. ఇస్త్రీ పెట్టె మధ్య మధ్యలో ఆగుతుంది. కారు అలా కాదు. రాత్రంతా ఆపకుండా లాగుతుంది. సరిగా బిగించని మర దగ్గర, టేపు చుట్టిన అతుకు దగ్గర వేడి పుడుతుంది. కాసేపే అయితే ఆ వేడి చల్లారిపోతుంది. రాత్రంతా అయితే పెరుగుతూ పోతుంది. సన్నని వైరు పైతొడుగు కరుగుతుంది. లోపలి తీగలు కలిస్తే మంట లేస్తుంది. ఆ వేళకు ఇంటిల్లిపాదీ నిద్రలో ఉంటారు.

అందుకే ఆ తల్లి, "చదువుకున్న ఎలక్ట్రీషియన్ని పిలువు" అంది.

చదువుకున్న ఎలక్ట్రీషియన్ అంటే ఎవరు? ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ చదువు రెండేళ్లు. కానీ ఆ చదువు ఒక్కటే చాలదు. ఇంట్లో కొత్త లైను వేసే పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయించాలి. పైన చూసే సూపర్వైజరుకు యోగ్యతా పత్రం ఉండాలి. పని చేసే వైర్‌మన్‌కు పర్మిటు ఉండాలి. ఇది చట్టం చెప్పే మాట. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోనూ, మళ్లీ 2023లోనూ ఇచ్చిన భద్రతా నిబంధనల్లో ఇది ఉంది. బల్బు మార్చడానికి, ఫ్యాను మార్చడానికి ఇవేమీ అక్కరలేదు. కొత్తగా లైను లాగాలంటే కావాలి.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఆ తల్లి ముందు మంచినీళ్లిచ్చింది. తర్వాత, "బాబూ, ఏమీ అనుకోకు. నీ పర్మిటు ఒకసారి చూపించు" అంది.

అతను నొచ్చుకోలేదు. "ఆయ్, చూడండమ్మా. అడగడమే మంచిది" అని కార్డు చేతికిచ్చాడు. ఆమె ఫోటో చూసింది. అంకెల్లో రాసిన గడువు తేదీ చూసింది. గడువు ఇంకా ఉంది. కార్డు తిరిగి ఇచ్చింది. కారు అమ్మినవాళ్లు పంపిన మనిషయినా సరే, ఇలాగే అడగాలి. ఇందులో సిగ్గు పడేది ఏమీ లేదు.

అతను వెంటనే గోడకు చిల్లు పెట్టలేదు. మొదట మీటరు చూశాడు. మెయిన్ బోర్డు విప్పి చూశాడు. తర్వాత పడగ్గది ప్లగ్గు విప్పాడు.

"అమ్మా, ఇటు చూడండి" అన్నాడు.

ప్లగ్గుకు మూడు రంధ్రాలు ఉంటాయి. పైన ఉండే పెద్ద రంధ్రం ఎర్తుకు. ఆ ఇంట్లో పైరంధ్రం ఉంది గానీ, దాని వెనక వైరే లేదు. ఇల్లు కట్టినప్పుడు ఎవరో వదిలేశారు. ఇన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు.

"ఎర్తు లేకపోతే ఏమవుతుంది బాబూ?"

"చార్జరులో ఎక్కడైనా కరెంటు లీకయితే కారు బాడీలోకి రావచ్చమ్మా. ఎర్తు ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే కారును ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి పోతుంది. వానాకాలం, తడి కాళ్లు అయితే ఇంకా ప్రమాదం."

కొడుకు ముఖం వాడిపోయింది. తల్లి వసారాలో ఆడుకుంటున్న మనవరాలి వైపు చూసింది.

ఎలక్ట్రీషియన్ చేయవలసిన పనులు వరసగా చెప్పాడు. మెయిన్ బోర్డునుంచి కారుకు విడిగా ఒక లైను వేయాలి. మధ్యలో అతుకు ఉండకూడదు. లోడుకు తగిన లావు రాగి తీగ వాడాలి. పెరట్లో కొత్త ఎర్తు గుంట తీయాలి. ఎర్తు సరిగా పనిచేస్తోందో లేదో పరికరం పెట్టి కొలవాలి. ఆ లైనుకు ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. రెండూ పెట్టాలి.

ఈ రెండూ ఒకటి కాదు. లోడు ఎక్కువైతే ఎం.సి.బి. పడిపోతుంది. అది వైరును కాపాడుతుంది. కరెంటు లీకయితే ఆర్.సి.సి.బి. పడిపోతుంది. అది మనిషిని కాపాడుతుంది. బండ్ల చార్జింగుకు 30 మిల్లీ ఆంపియర్లు దాటని ఆర్.సి.సి.బి. ఉండాలని 2019లో నిబంధన వచ్చింది. సాకెట్టు నేలకు కనీసం 80 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలనీ, ఎక్స్‌టెన్షను వైరు వాడకూడదనీ అందులోనే ఉంది. అవి చార్జింగు కేంద్రాలకు పెట్టిన నిబంధనలు. ఇంటికి కూడా అవే మంచి కొలత.

ఇక లోడు సంగతి. ఇంటి కనెక్షనుతోనే బండి చార్జింగు పెట్టుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. అయితే లోడు సరిపోవాలి. సరిపోకపోతే విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో అర్జీ పెట్టి పెంచుకోవాలి. మండపేటకు కరెంటు ఇచ్చేది విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. కరెంటు ఫిర్యాదులకు, సందేహాలకు 1912 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఖర్చు విని కొడుకు గుండె జారింది. "కారు వాయిదా కట్టాలమ్మా. పని అయ్యేదాకా కిరాయి పోతుంది" అన్నాడు.

ఆ బాధ నిజమే. పేదింట్లో ఒక్కరోజు కిరాయి పోయినా లోటే. తల్లి కాసేపు ఆలోచించింది. "కిరాయి రేపు తెచ్చుకోవచ్చురా. ఇల్లు కాలితే? పిల్ల షాకు కొట్టి పడిపోతే?" అంది. సంఘంలో అప్పు తీసుకుంది. పని అయ్యేదాకా కొడుకు బయట డబ్బు కట్టి చార్జింగు పెట్టించుకున్నాడు.

ఇది ఉత్త భయం కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంట్లో, నిజామాబాదులో మరో ఇంట్లో రాత్రి చార్జింగుకు పెట్టిన కరెంటు స్కూటరు బ్యాటరీలు పేలాయి. రెండు చోట్లా మనుషులు చనిపోయారు. ఆ ఏడాది చివరి నుంచి ప్రభుత్వం బ్యాటరీల నిబంధనలు గట్టి చేసింది. అక్కడ పేలింది బ్యాటరీ. ఎంత మంచి వైరింగు ఉన్నా, పడుకునే గదిలో చార్జింగు వద్దని ఆ ఇళ్లు చెబుతున్నాయి. గుమ్మానికి అడ్డంగా కూడా వద్దు. మంట వస్తే బయటికి పోయే దారి ఉండాలి.

కారు ఇప్పుడు రేకుల షెడ్డులో చార్జింగు అవుతోంది. ఆర్.సి.సి.బి. మీద ఒక చిన్న బటను ఉంటుంది. నెలకోసారి ఆ తల్లి దాన్ని నొక్కుతుంది. టక్కున పడిపోతే బాగున్నట్టు. పడకపోతే ఎలక్ట్రీషియన్ని పిలవాలి. ఆ తేదీ క్యాలెండరు మీద తన చేత్తో రాస్తుంది.

గుర్తుంచుకోండి:

కరెంటు బిల్లులో లోడు చూడండి. చార్జరు మీది అంకె చూడండి.

ఎలక్ట్రీషియన్ పర్మిటు, దాని గడువు అడిగి చూడండి.

విడి లైను, ఎర్తు, ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. ఉన్నాయా అని అడగండి.

ఏ పని చేశారో, ఏ వస్తువు వేశారో రాసి ఉన్న రసీదు తీసుకోండి. దాన్ని బిల్లులతో పాటు దాచండి.

చదవడం వచ్చిన చేతికి ఈ నాలుగు పనులూ కష్టం కాదు. మీ ఇంటికి కరెంటు బండి వచ్చిన రోజున ముందు బిల్లు తీయండి. తర్వాతే ప్లగ్గు దగ్గరకు వెళ్లండి.