ఆలస్యం ఎవరిది? క్షయవ్యాధి నిర్ధారణలో, చికిత్సలో జాప్యానికి కారణాలు

(ఆరోగ్య హక్కుపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సభలలో మనం సాధారణంగా రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, విద్యార్థుల ఉపకార వేతనాల గురించి చర్చిస్తుంటాము. అవన్నీ అవసరమైన చర్చలే. నేడు నేను మాట్లాడబోయేది ఒక దగ్గును గురించి. రెండు వారాలు దాటినా తగ్గని దగ్గుకు కారణమేమిటో సకాలంలో తెలుసుకోగలగడం కూడా ఒక హక్కే. ఆ హక్కు అందని ఇంట్లో మిగిలిన హక్కులను అనుభవించవలసిన మనిషే మంచాన పడతాడు.

ఊపిరితిత్తుల క్షయ గాలి ద్వారా వ్యాపించే అంటువ్యాధి. దీనికి కారణమైన క్రిమిని కనుగొన్నట్లు రాబర్ట్ కోఖ్ 1882 మార్చి 24న ప్రకటించాడు. సాధారణ మందులకు లొంగే క్షయ ఆరు నెలల చికిత్సతో నయమవుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో పరీక్ష ఉచితం, మందులు ఉచితం. అయినప్పటికీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2023లో ప్రపంచమంతటా క్షయ బారిన పడిన ప్రతి నలుగురిలో ఒకరు భారతదేశానికి చెందినవారే. 2025 నాటికి దేశంలో క్షయను అంతం చేస్తామన్న ప్రభుత్వ లక్ష్యం నెరవేరలేదు.

క్రిమి తెలుసు, మందు తెలుసు, మందుకు ధర కూడా లేదు. మరి మనుషులు ఎందుకు చనిపోతున్నారు? ప్రధానమైన కారణాలలో ఒకటి ఆలస్యం. వ్యాధి ముదిరేకొద్దీ ఊపిరితిత్తులలో గుల్లలు ఏర్పడి, వ్యాధి నయమైన తరువాత కూడా ఆయాసం మిగిలిపోతుంది. చికిత్స మొదలుకానంత కాలం అదే గదిలో నిద్రించే భార్యకు, పిల్లలకు, వృద్ధులైన తల్లిదండ్రులకు క్రిమి సోకుతూనే ఉంటుంది. కనుక ఒక్కరి ఆలస్యానికి ఇల్లంతా మూల్యం చెల్లిస్తుంది.

ఈ ఆలస్యం ఎంత? మన దేశంలో జరిగిన పలు అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించిన సమీక్ష ఒకటి 2014లో ప్రచురితమైనది. దాని ప్రకారం లక్షణాలు మొదలైన నాటి నుండి చికిత్స ప్రారంభమయ్యే నాటికి గడిచే కాలం సుమారు 55 రోజులు. ఇందులో రోగి తొలిసారి వైద్యుని వద్దకు వెళ్లడానికి పట్టే కాలం సుమారు 18 రోజులు. వెళ్లిన తరువాత ఆ వ్యాధి క్షయ అని తేలడానికి పట్టే కాలం 31 రోజులు. తేలిన తరువాత మందులు మొదలు కావడానికి రెండున్నర రోజులు. ఈ అంకెలను దయచేసి గుర్తుంచుకోండి. "మన జనానికి అవగాహన లేదు, అందుకే ఆలస్యమవుతున్నది" అనే మాట మనం తరచుగా వింటాము. కానీ పై లెక్కలో పెద్ద భాగం, రోగి వైద్యుని గడప తొక్కిన తరువాత జరిగిన ఆలస్యమే.

ముందుగా రోగి వైపు ఆలస్యాన్ని పరిశీలిద్దాము. 2019–21 మధ్య జరిగిన జాతీయ క్షయ వ్యాప్తి సర్వేలో, క్షయ లక్షణాలున్నవారిలో సుమారు 64 శాతం మంది చికిత్స కోసం ఎక్కడికీ వెళ్లలేదని తేలింది. ఎందుకు వెళ్లలేదని అడిగితే, వారిలో మూడింట రెండు వంతుల మంది లక్షణాలను పట్టించుకోలేదని చెప్పారు. పట్టించుకోకపోవడం అంటే నిర్లక్ష్యమేనని తీర్పు చెప్పడం సులభం. కానీ రోజు కూలీ మీద బ్రతికేవానికి ఆసుపత్రి వరుసలో గడిచిన ఒక పూట, ఇంట్లో పొయ్యి వెలగని ఒక పూట. ఆటో తోలేవారు, పండ్ల బండి నడిపేవారు, మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రవాడు ఆ లెక్క వేసుకొనే దగ్గును వాయిదా వేస్తారు.

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో ఇంటి వద్ద బీడీలు చుట్టే స్త్రీలను చూడండి. వారిలో ముస్లిం స్త్రీలు అనేకులు. పొగాకు దుమ్ములో పనిచేసే స్త్రీకి దగ్గు రావడం వింతగా తోచదు. "తంబాకు దగ్గేలే" అని ఆమె అనుకుంటుంది, ఇంటివారు అనుకుంటారు, ఒక్కొక్కసారి వైద్యుడు కూడా అలాగే అనుకుంటాడు. అదే విధంగా పొగ త్రాగే పెద్దమనిషి దగ్గును బీడీ ఖాతాలో, దూది పనివాని దగ్గును దూది ఖాతాలో వేస్తాము. మధుమేహం ఉన్నవారికి క్షయ సోకే ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. అయినా వారి నీరసాన్ని, బరువు తగ్గడాన్ని "షుగరు వల్లనే" అని సరిపెట్టుకుంటాము. అనుమానించవలసిన చోట సర్దిచెప్పుకోవడమే ఇక్కడ జరుగుతున్న ఆలస్యం.

ఇక భయం. పెళ్లి కావలసిన ఆడపిల్లకు క్షయ అని తెలిస్తే సంబంధాలు రావేమోనన్న భయం, పెళ్లైన స్త్రీని పుట్టింటికి పంపివేస్తారేమోనన్న భయం మన ఇళ్లలో ఉన్నమాట నిజం. ఆ భయంతో పరీక్షను దాచిపెడతారు, మందులను బియ్యపు డబ్బాలో దాచిపెడతారు. క్షయ వంశపారంపర్యంగా వచ్చేది కాదు. కంచాలు, గ్లాసుల ద్వారా అంటుకొనేదీ కాదు. సరైన మందులు క్రమంగా వాడితే వ్యాపింపజేసే శక్తి త్వరగా తగ్గిపోతుంది. దాచిపెట్టిన క్షయయే ఇంటికి ప్రమాదం. చికిత్స పొందుతున్న మనిషి వల్ల ఇంటికి ప్రమాదం తగ్గుతుంది.

ఇప్పుడు రెండవ ఆలస్యం. ఇది వైద్య వ్యవస్థది. 1963లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. కర్ణాటకలోని తుమకూరు జిల్లా గ్రామాలలో క్షయ ఉన్నవారిని కలిసి, మీకు లక్షణాలు తెలిశాయా, తెలిస్తే ఏమి చేశారు అని విచారించారు. అత్యధికులకు లక్షణాలు తెలుసు. వారిలో సగానికి పైగా అప్పటికే వైద్యం కోసం వెళ్లివచ్చారు. కానీ వారి వ్యాధిని ఎవరూ గుర్తించలేదు. చేతికి దగ్గు మందు ఇచ్చి పంపివేశారు. పల్లెటూరి పేదవాడు వైద్యం కోసం రాడన్న నమ్మకాన్ని ఆ అధ్యయనం తలక్రిందులు చేసింది. పేదవాడు వచ్చాడు. వ్యవస్థయే అతడిని చూడలేదు.

ఆరు దశాబ్దాలు గడిచాయి. ఆ దగ్గు మందు సీసా ఇంకా మన బస్తీలలోనే ఉన్నది. పైన పేర్కొన్న 2014 సమీక్ష ప్రకారం వ్యాధి తేలే లోపల ఒక రోగి సగటున దాదాపు ముగ్గురు వైద్యుల వద్దకు తిరుగుతున్నాడు. సుమారు సగం మంది మొదట వెళ్లేది ప్రైవేటు వైద్యుల వద్దకే. దగ్గరలో ఉన్న ఆర్‌ఎంపీ, మందుల దుకాణం, ఆ తరువాత నర్సింగ్ హోం, చిట్టచివరకు సర్కారు దవాఖానా. ఒక్కొక్క మెట్టు వద్ద కొన్ని రోజులు, కొంత డబ్బు పోతాయి. ఢిల్లీలో పరిశోధకులు, క్షయ లక్షణాలు చెప్పేలా శిక్షణ ఇచ్చిన మనుషులను రోగులుగా వైద్యుల వద్దకు పంపారు. 2015లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో 250 సందర్భాలకు గాను కేవలం 21 శాతం సందర్భాలలోనే సరైన పద్ధతి పాటించినట్లు తేలింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి. లీవోఫ్లాక్సాసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌లు క్షయ క్రిమిపై కూడా కొంత పనిచేస్తాయి. వాటిని నాలుగైదు రోజులు వాడితే దగ్గు తగ్గినట్లు కనిపిస్తుంది, పరీక్షలో క్రిమి దొరకకపోవచ్చు, వ్యాధి మాత్రం లోలోపల సాగుతుంది. స్టీరాయిడ్ సూదులు కూడా ఇలాగే మోసం చేస్తాయి. కాబట్టి రెండు వారాల దగ్గుకు పరీక్ష ముందు, మందు తరువాత. క్షయ నిర్ధారణకు రక్తపరీక్ష చేస్తామని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ప్రతిరక్షకాలను చూసే అటువంటి రక్తపరీక్షలను భారత ప్రభుత్వం 2012లోనే నిషేధించింది.

పరీక్ష చేసినా వ్యాధి తప్పించుకొనే అవకాశం ఉన్నది. జాతీయ సర్వేలో, ఛాతీ ఎక్స్‌రే తీయకుండా కేవలం లక్షణాలను బట్టి వెదికి ఉంటే సుమారు 43 శాతం మంది రోగులు బయటపడేవారే కాదని తేలింది. అలాగే సూక్ష్మదర్శినితో చేసే తెమడ పరీక్ష కంటే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు క్రిమిని మరింత బాగా పట్టుకుంటాయి. రిఫాంపిసిన్ అనే ప్రధానమైన మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. ఆ యంత్రం ఉన్న చోటికి తెమడ నమూనా చేరడంలో జరిగే ఆలస్యమూ రోగి నెత్తిమీదనే పడుతుంది.

స్త్రీల విషయం ప్రత్యేకంగా చెప్పక తప్పదు. తెమడ ఇవ్వమంటే చాలామంది స్త్రీలు లాలాజలం ఇచ్చి వస్తారు. పదిమంది ఎదుట గట్టిగా దగ్గి ఉమ్మడానికి సిగ్గుపడతారు, ఎలా ఇవ్వాలో వారికి ఎవరూ వివరించరు. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో జరిపిన ఒక ప్రయోగంలో, తెమడ ఎలా తీయాలో స్త్రీలకు కేవలం కొన్ని మాటలలో వివరించి చెప్పారు. వివరించని వారిలో 8 శాతం మందికి పరీక్షలో క్రిమి కనిపిస్తే, వివరించిన వారిలో 13 శాతం మందికి కనిపించింది. ఆ ఫలితాలు 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. దీనికి ఖరీదైన యంత్రం అవసరం లేదు. మర్యాదగా, అర్థమయ్యే భాషలో చెప్పే ఒక మనిషి, కాస్త చాటు ఉంటే చాలు.

మూడవది చికిత్సలో ఆలస్యం. మందులు మొదలు కావడానికి పట్టే రోజులు తక్కువే కావచ్చు. కానీ మధ్యలో ఆగిన చికిత్స కూడా ఆలస్యమే, అంతకంటే ప్రమాదకరం కూడా. రెండు నెలలకు దగ్గు తగ్గి, ఒళ్లు కోలుకోగానే కొందరు మందులు మానేస్తారు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రబడితే భయపడి మానేసేవారు ఉన్నారు. అది ప్రమాదం కాదు. కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు మాత్రం ప్రమాద సూచనలు, వెంటనే వైద్యునికి చూపించాలి. పని కోసం మరో ఊరికి వెళ్లేవారు తమ నిక్షయ్ నమోదు సంఖ్య వెంట ఉంచుకుంటే అక్కడి కేంద్రంలో మందులు కొనసాగించవచ్చు. 2024లో దేశంలోని అనేక చోట్ల క్షయ మందులకు కొరత ఏర్పడింది. అటువంటి కొరత రోగి తప్పు కాదు. దానికి జవాబు చెప్పవలసినది ప్రభుత్వమే.

రంజాన్ నెలలో మందులు ఆపివేసే సోదరులున్నారు. క్షయ మందులు సాధారణంగా రోజుకు ఒకసారి తీసుకునేవి. సహ్రీ వేళనో, ఇఫ్తార్ తరువాతనో తీసుకొనే వీలున్నదేమో వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు. నీరసించినవారికి, వ్యాధిగ్రస్తులకు ఉపవాసం నుండి మినహాయింపు, తరువాత ఖజా చేసుకొనే సౌలభ్యం మన ధర్మమే ఇచ్చింది. ఈ మాటను వైద్యుని కంటే మస్జిద్ ఇమామ్ సాబ్ చెబితే ప్రజలు త్వరగా స్వీకరిస్తారు. అందువల్ల వేదికపైనున్న ఆలిములకు నా ప్రత్యేక మనవి.

సోదరులారా, సోదరీమణులారా, ఇదంతా ముస్లింల హక్కుల సమస్య ఎలా అవుతుంది? క్షయకు మతం లేదు, నిజమే. కానీ ఇరుకు గదికి, వెలుతురు లేని వీధికి, దుమ్ములో చేసే పనికి, సరిపడని తిండికి చిరునామా ఉన్నది. ముస్లింలు అసంఘటిత రంగంలో, బీడీ, కుట్టుపని వంటి ఇంటి పరిశ్రమలలో అధికంగా ఉన్నారని, ముస్లింలు ఎక్కువగా నివసించే అనేక ప్రాంతాలకు వైద్య సదుపాయాలు తక్కువగా ఉన్నాయని 2006లో సచార్ కమిటీ నివేదిక తెలిపింది. ఆ పరిస్థితులే ఆలస్యాన్ని పెంచుతాయి.

అందుచేత ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి స్పష్టంగా ఉండాలి. మన బస్తీలకు ఎక్స్‌రే బండి రావాలి. అది కూలివారు ఇంటివద్ద ఉండే వేళలలో రావాలి. బస్తీ దవాఖానాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెమడ ఇవ్వడానికి స్త్రీలకు చాటైన స్థలం, వివరించడానికి స్త్రీ సిబ్బంది ఉండాలి. సూచనలు తెలుగుతోపాటు ఉర్దూలో కూడా ఉండాలి. మందుల నిల్వ ఎంత ఉన్నదో ప్రజలకు తెలిసేలా ప్రకటించాలి. పోషణ కోసం నెలకు 500 రూపాయల చొప్పున 2018లో మొదలై, 2024 నవంబరు నుండి 1000 రూపాయలైన నిక్షయ్ పోషణ్ సాయం చికిత్స ముగిసిన తరువాత కాక, చికిత్స సాగుతుండగానే ఖాతాలో పడాలి. క్షయ రోగి వివరాలను ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుండి ప్రైవేటు వైద్యులకు కూడా తప్పనిసరి. ఆ నిబంధన అమలు కావాలి, రోగి గోప్యతకు భంగం కలగకూడదు.

మనం చేయవలసినవి కూడా ఉన్నాయి. రెండు వారాల దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం, వీటిలో ఏది ఉన్నా పరీక్ష చేయించాలని జుమా నాడు ప్రతి మస్జిద్‌లో ఒక్క నిమిషం చెప్పించండి. ఒక ఇంట్లో క్షయ బయటపడితే ఆ ఇంటివారందరికీ పరీక్ష చేయించండి, ముఖ్యంగా చిన్నపిల్లలకు. జకాత్, సదఖా నిధులలో కొంత, అర్హులైన రోగుల ప్రయాణపు ఖర్చుకు, పోయిన కూలికి, గుడ్లు పప్పులకు కేటాయించండి. చికిత్స పూర్తిచేసిన ఆడపిల్ల సంబంధాన్ని ఆ కారణంగా కాదనే కుటుంబానికి పెద్దలు నచ్చజెప్పండి.

నేటి నుండి మనం ఒక అలవాటు చేసుకుందాము. ఎవరైనా క్షయతో మరణించారని తెలిస్తే "పాపం, ఆలస్యంగా వెళ్లాడు" అని ముగించకుండా, మొదటి దగ్గు ఎప్పుడు, మొదటి వైద్యుడు ఎవరు, పరీక్ష ఎప్పుడు, మందు ఎప్పుడు అని నాలుగు ప్రశ్నలు అడుగుదాము. వాటి జవాబులను వ్రాసి పెట్టి ఆరోగ్య శాఖ అధికారుల ఎదుట ఉంచుదాము. ఆ జవాబులలో ఆలస్యం ఎవరిదో తెలుస్తుంది. ఎవరిదో తెలిసిన ఆలస్యాన్ని సరిదిద్దమని అడిగే హక్కు మనకున్నది.