డబ్బు లేని పందెం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, వైద్య బిల్లుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను వేరొక విషయం చెప్పమన్నారు. మన ఇళ్ళల్లో కొడుకులు, అల్లుళ్ళు, మనవలు ఆదివారం సాయంత్రం గది తలుపు వేసుకుని, బల్లకు బిగించిన స్టీరింగు పట్టుకుని గంటల తరబడి కంప్యూటరు మీద కార్లు నడుపుతున్నారు. అదేమిటి, మంచిదా చెడ్డదా అని చాలామంది సభ్యులు అడుగుతున్నారు. అటువంటి ఒక లీగులో మూడేళ్ళుగా చిన్న బాధ్యత చూస్తున్నాను కనుక, నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను.

దీనిని సిమ్ రేసింగ్ అంటారు. మన శాఖవారికి సిమ్ అంటే సెల్‌ఫోనులో వేసే ముక్క. ఇది అది కాదు. సిమ్యులేషన్ అనే మాటకు ముద్దుపేరు. విమానం నడిపేవారికి ముందు నేల మీదే ఒక నమూనా గదిలో కూర్చోబెట్టి శిక్షణ ఇస్తారు కదా, ఇదీ అదే పద్ధతి. టైరు వేడెక్కితే పట్టు ఎలా మారుతుంది, పెట్రోలు తగ్గి బరువు తగ్గితే కారు ఎలా నడుస్తుంది, వానలో బ్రేకు ఎంత ముందుగా వేయాలి, ఇవన్నీ కంప్యూటరు లెక్క కట్టి స్టీరింగు ద్వారా చేతికి తెలియజేస్తుంది. చాలా ట్రాకులను లేజరు కిరణాలతో కొలిచి, రోడ్డు మీది ఎత్తుపల్లాలతో సహా తెర మీదకు ఎక్కించారు.

ఇది నిన్న మొన్న పుట్టిన వేడుక కాదు. అమెరికాలో పాపిరస్ అనే సంస్థ 1989లోనే ఇండియానాపొలిస్ 500 పందెం మీద ఇటువంటి కార్యక్రమం తయారు చేసింది. జపానులో గ్రాన్ టురిస్మో 1997లో వచ్చింది. పాపిరస్ స్థాపకులలో ఒకరైన డేవ్ కేమర్ తరువాత మరొకరితో కలిసి పెట్టిన ఐరేసింగ్ 2008లో మొదలయింది. ఇటలీవారి అసెట్టో కోర్సా 2014లో పూర్తి రూపంలో విడుదలయింది. 2020లో కరోనా వచ్చి ప్రపంచమంతటా ట్రాకులు మూతపడినప్పుడు, మార్చి 22న అటు ఫార్ములా వన్‌వారు, ఇటు అమెరికాలోని నాస్కార్‌వారు కంప్యూటరు పందేలు మొదలుపెట్టి జనానికి చూపించారు. ఆ జూన్‌లో లె మాన్ 24 గంటల పందెం కూడా తెర మీదే జరిగింది. 50 కార్లు, 200 మంది డ్రైవర్లు. అసలు రేసుల్లో ఆరితేరినవారూ, ఇంట్లో కూర్చుని నేర్చుకున్నవారూ ఒకే కారును వంతులవారీగా నడిపారు.

ఇక లీగు సంగతి. మా అమ్మాయి కొడుకు, వాడితో విజయవాడలో ఇంజనీరింగు చదివిన స్నేహితులు, వారి స్నేహితులు, మొత్తం 16 మంది. ఉద్యోగాల రీత్యా కొందరు హైదరాబాదులో, కొందరు బెంగళూరులో, నలుగురు లండన్‌లో, ముగ్గురు డల్లాస్‌లో ఉన్నారు. పెళ్ళిళ్ళకు తప్ప అందరూ ఒకచోట చేరే వీలు లేదు. పదిహేను రోజులకొక ఆదివారం ఈ పందెంలో కలుస్తారు. సీజనుకు 8 పందేలు. మొదట 20 నిమిషాలు సాధన, తరువాత 15 నిమిషాలు ఎవరు ముందు నిలబడాలో తేల్చే పరుగు, ఆపైన 50 నిమిషాల అసలు పందెం. మార్కులు ఫార్ములా వన్‌లో 2010 నుంచి ఉన్న లెక్క ప్రకారమే: మొదటివాడికి 25, రెండోవాడికి 18, ఆ తరువాత 15, 12, 10, 8, 6, 4, 2, 1.

వేళ కుదర్చడమే పెద్ద పని. డల్లాస్‌లో ఉదయం 10 గంటలు అన్నారు. వేసవిలో అది మనకు రాత్రి 8.30, లండన్‌లో సాయంత్రం 4. చలికాలంలో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకుంటారు కనుక మనకు 9.30 అవుతుంది. అమెరికావారు మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు తిప్పితే, బ్రిటన్‌వారు మార్చి చివరి ఆదివారం దాకా ఆగుతారు. ఆ మధ్య వారాల్లో లండన్ పిల్లలకు మధ్యాహ్నం 3 గంటలకే పందెం. ఈ లెక్కల పట్టిక రాసి అందరికీ పంపే పని మొదట నాకు అప్పగించారు. ట్రంకు కాల్ బుకింగుల కాలం నాటి మనిషికి అది కష్టం కాదు.

మన శాఖవారికి తప్పక నచ్చే విషయం ఒకటి ఇందులో ఉంది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడి నుంచి డల్లాస్‌కు సుమారు 14 వేల కిలోమీటర్లు. తీగ నేరుగా వేసి ఉన్నా, పోయి రావడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. తీగ నేరుగా పోదు, మధ్యలో యంత్రాలుంటాయి కనుక అసలు ఆలస్యం అంతకంటే ఎక్కువ. సెకనులో అయిదో వంతు ఆలస్యమైతే, గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఈలోగా 10 మీటర్లు ముందుకు పోతుంది. అంటే తెర మీద పక్కవాడి కారు మనకు కనబడేది అంచనా మాత్రమే. సమాచారం మధ్యలో తప్పిపోతే ఆ కారు ఉన్నచోట మాయమై ఇంకోచోట తేలుతుంది. అందుకే మా పిల్లలు సర్వరును ఇక్కడా కాక, అమెరికాలోనూ కాక, ఐరోపాలో తీసుకున్నారు. కష్టమేదో అందరికీ ఇంచుమించు సమానంగా ఉండాలని వారి ఆలోచన.

లైను తెగిపోవడం ఎంతటివారికైనా తప్పదు. 2023 జనవరిలో జరిగిన తెర మీది లె మాన్ పందెంలో, అప్పటి ప్రపంచ విజేత మాక్స్ వెర్‌స్టాపెన్ జట్టు ముందంజలో ఉండగా సర్వరుతో సంబంధం తెగిపోయి నష్టపోయింది. కనుక మీ మనవడు ఇంటర్నెట్టు కేబులు నేరుగా కంప్యూటరుకే పెట్టుకుంటానంటే, ఇన్వర్టరు కావాలంటే, అది వట్టి దుబారా అనుకోకండి. ఆడవారికి మరొక మనవి. పందెం మొదలయ్యాక మధ్యలో ఆపే మీట ఉండదు. మిగతా పదిహేను మంది ఆగరు కదా! ‘అన్నం చల్లారిపోతోంది, ఒక్క నిమిషం లేచి రా’ అంటే వాడు రాలేడు. అది పొగరు కాదు. పందెం వేళ ముందే అడిగి తెలుసుకుని, భోజనం అటో ఇటో పెట్టుకుంటే ఇంట్లో సగం గొడవలు తగ్గుతాయి.

ఇప్పుడు నా ఉద్యోగం సంగతి. లీగులో కార్లు గుద్దుకుంటే తప్పెవరిదో తేల్చడానికి ముగ్గురు పరిశీలకులుంటారు. స్టీవార్డులు అంటారు. అందులో నేనొకణ్ణి. శాఖలో విచారణాధికారిగా కొన్నేళ్ళు పనిచేసిన అనుభవం చూసి పిల్లలు అడిగారు. పద్ధతి మనకు అలవాటైనదే. ఫిర్యాదు పందెం ముగిసిన 24 గంటల లోపల రాతపూర్వకంగా రావాలి. ఏ ల్యాపు, ఏ మలుపు అని రాయాలి. అవతలివాడి సంజాయిషీ తీసుకోవాలి. ఆపైన రీప్లే చూస్తాం. ముందునుంచి, వెనుకనుంచి, పైనుంచి, డ్రైవరు కంటితో, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. మన విచారణల్లో ఇటువంటి సాక్ష్యం ఎప్పుడైనా దొరికిందా! నిర్ణయం కారణాలతో సహా రాసి అందరికీ పంపుతాం. స్నేహితుల మధ్య ఆటకు ఇంత తతంగం దేనికని మొదట నవ్వినవారున్నారు. స్నేహితులు కనుకనే ఇది కావాలి. తెలియనివాడు గుద్దితే తిట్టుకుని మరిచిపోతాం. స్నేహితుడు గుద్దితే అది పాత సంగతులన్నీ తవ్వుతుంది.

రెండో సీజను చివరి పందెం బెల్జియంలోని స్పా ట్రాకు మీద జరిగింది. దాని పొడవు 7.004 కిలోమీటర్లు. అప్పటికి మా మనవడికి 131 మార్కులు, లండన్‌లో ఉన్న వాడి స్నేహితుడికి 128. ఇద్దరూ ఇంజనీరింగులో ఒకే గదిలో ఉన్నవారు. చివరి ల్యాపులో పొడవాటి కెమెల్ రోడ్డు చివర, లె కోంబ్ అనే మలుపు దగ్గర, మావాడు లోపలివైపు నుంచి దూరాడు. రెండు కార్లూ తగిలాయి. లండన్ అబ్బాయి గడ్డిలోకి పోయి, తిరిగి వచ్చి రెండోవాడుగా ముగించాడు. మావాడు మొదటివాడు. ఆ లెక్కన సీజను కప్పు కూడా మావాడిదే.

ఫిర్యాదు వచ్చింది. నేను వెంటనే తప్పుకున్నాను. తన వ్యవహారానికి తానే న్యాయమూర్తి కాకూడదన్నది మనం సర్వీసంతా పాటించిన సూత్రం. రక్తసంబంధం ఉంటే ఇక చెప్పనక్కర లేదు. మిగిలిన ఇద్దరూ రీప్లే చూశారు. మలుపు మొదలయ్యే చోటికి లోపలివాడి ముందు చక్రాలు పక్క కారు అద్దం దాకా చేరాలని మా నిబంధన. మావాడి కారు అంత దూరం చేరలేదని 5 సెకన్ల శిక్ష వేశారు. దానితో మావాడు మూడో స్థానానికి దిగాడు. 131కి 15 కలిస్తే 146. ఆ అబ్బాయి మొదటి స్థానానికి వచ్చాడు. 128కి 25 కలిస్తే 153. కప్పు ఏడు మార్కులతో చేయి జారింది.

ఆ రాత్రి మావాడు ఫోను చేసి, ‘తాతయ్యా, నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే చాలు’ అన్నాడు. ‘అప్పీలుకు 24 గంటలు టైముంది, రాసి పంపు’ అన్నాను. రాశాడు. ఇద్దరు పరిశీలకులూ మళ్ళీ చూసి, పాత నిర్ణయమే ఖాయం చేశారు. వాడు పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. మా అమ్మాయి కూడా, ‘ఆటే కదా నాన్నా, పిల్లవాడి మనసు ఎందుకు కష్టపెట్టారు’ అంది. నాకూ బాధగానే ఉంది. వాడు ఆ లీగు వదిలేస్తే, ఆ పదిహేను మంది వదిలిపోతారు. పరాయి ఊళ్ళో ఒంటి గదిలో ఉండే పిల్లవాడికి ఆదివారం సాయంత్రం ఇంక ఏం మిగులుతుంది? ఈ ఆలోచనతో నిద్ర పట్టేది కాదు.

చివరకు ముందుగా ఫోను చేసింది గెలిచిన అబ్బాయే. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మూడో సీజను మొదటి పందేనికి ఇద్దరూ వచ్చారు. ఆ నిర్ణయం సరైనదని మావాడు ఈనాటికీ ఒప్పుకోడు. ఒప్పుకోకపోయినా వస్తున్నాడు. ఒక నియమం మీద అలిగి కూడా ఆ నియమం కిందే ఆడగలగడం చిన్న విషయం కాదని నేను అనుకుంటున్నాను.

ఇక మీ అందరి అసలు భయం. మన భాషలో పందెం అనే మాటకు పరుగు అని ఒక అర్థం, డబ్బు ఒడ్డడం అని ఇంకొక అర్థం. ఈ రెండూ కలిసి మనల్ని కంగారు పెడుతున్నాయి. ఆన్‌లైన్ రమ్మీలో ఇళ్ళు గుల్లయిన సంగతులు మనకు తెలుసు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు ఆటలను నిషేధిస్తూనే, నైపుణ్యంతో పోటీపడే ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి విడదీసి చూసింది. అంతకు ముందు 2022 డిసెంబరులోనే కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చింది. కనుక మీ ఇంట్లో పిల్లలను కోప్పడక ముందు మూడు ప్రశ్నలు అడగండి. గెలుపు ఓటముల మీద డబ్బు పెడుతున్నారా? ఎవరెవరితో ఆడుతున్నావు, వాళ్ళ పేర్లు నీకు తెలుసా? మరునాడు ఉదయం పనికి వేళకు లేస్తున్నావా? ఈ మూడింటికీ సూటిగా జవాబు వస్తే భయపడవలసింది లేదు. ఖర్చు లేదని నేను అనను. స్టీరింగు, పెడళ్ళు వేల రూపాయల వస్తువులు. కొన్ని కార్యక్రమాలకు నెలనెలా చందా ఉంటుంది. ‘ఈ ఏడాదికి ఇంత’ అని ముందే హద్దు పెట్టుకోమనండి.

మనవంటివారు కూడా పాల్గొనవచ్చు. కంటిచూపు, మెడ, నడుము సహకరిస్తే స్టీరింగే పట్టవచ్చు. అలా వీలులేనివారికి మార్కుల పట్టిక, వేళల పట్టిక, విచారణ, తెలుగులో వ్యాఖ్యానం, ఇన్ని పనులున్నాయి. మా లీగులో పందేలకు తెలుగు వ్యాఖ్యానం చెప్పేది ఒక విశ్రాంత లెక్కల మాస్టారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తినప్పుడు మనలో చాలామందికి ఎవరు ముందున్నారో, ఎందుకున్నారో అంతుపట్టలేదు. ఈ మాస్టారు చెబుతుంటే మా ఇంటావిడకు కూడా టైర్లు ఎప్పుడు మార్చాలో తెలిసిపోతోంది.

నా మనవి ఒక్కటే. వచ్చే ఆదివారం ఆ గది తలుపు తట్టి, పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి. పందెం నడుస్తుండగా ఏమీ అడగకండి. అయిపోయాక, ఆ మలుపులో ఏమైందిరా అని అడగండి. అరగంట సేపు వాడే చెబుతాడు. మన పిల్లలు మనతో అరగంట ఏకబిగిన మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆలోచించండి.