పాత మోటారు బండి - టైమింగు గురుతులు



పదములను విడదీసి సంధి చెప్పుటయే ముప్పది యేండ్లు వృత్తిగా గడపిన నేను, మోటారు యంత్రమును విడదీసి కలుపుటను గూర్చి మాటలాడబూనుట మీకు వింతగా తోచవచ్చును. నాకును వింతగానే యున్నది. కాని గడచిన వేసవిలో మా నర్సీపట్నమున నా కన్నులయెదుట జరిగిన యొక సంగతి నన్నీ పనికి పురికొల్పినది.

మీలో కొందరి చావడులలో పాత అంబాసిడరు బండి యింకను నుండవచ్చును. మారిస్ ఆక్స్‌ఫర్డ్ అను ఇంగ్లండు బండిని అనుసరించి, హిందుస్థాన్ మోటార్సు వారు 1957లో దీనిని వంగదేశమున ఉత్తరపాడలో చేయనారంభించిరి, 2014లో నిలిపివేసిరి. చిరకాలము దాని గుండెగా నుండినది 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. అట్టి బండి యొకటి ఒక రైతుకు తండ్రినుండి సంక్రమించినది. తాను పెండ్లికుమారుడై యందే యూరేగెను. కూతురునుగూడ నందే అత్తవారింటికి పంపవలెనని యాతని కోరిక. ఇంజను అరిగిపోగా, నావద్ద చదువుకొని యిప్పుడు మెకానిక్కుగా నున్న కుర్రవానికి అప్పగించెను. కుర్రవాడు సిలిండర్లు బోరు చేయించి, క్రొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు, టైమింగు చైను వేసి బిగించెను.

బండి కదలినది. చదును నేలమీద బాగుగానే నడచినది. లంబసింగి ఘాటు ఎక్కబోవుసరికి ఊపిరాడని ముసలియెద్దువలె నిలిచిపోయినది. రేడియేటరులో నీరు మరగినది. రైతు కోపించి, పిస్టన్లు మరల నీ ఖర్చుతో వేయుము, లేదా బండిని పాత ఇనుమువానికి తూచి, నీవు సొమ్ము తిన్నావని ఊరంతయు చెప్పెదననెను. కుర్రవాడు మా యరుగుమీదకు వచ్చి కూర్చుండి, “మాస్టారూ, గురుతులు కలిపే బిగించానండీ. తప్పెక్కడుందో తెలియడం లేదు” అనినాడు. వాని కన్నులలో నీరు.

ఆ గురుతు లేవియో ముందు చెప్పవలెను. ఏతము త్రొక్కుట మీరెరిగినదే. పైన దూలముమీద నడచువాడొకడు, క్రింద బాన పట్టి ముంచువాడొకడు. పైవాని యడుగునకు క్రిందివాని చేయి సరిపడకున్నచో బాన సగమే నిండును. ఇంజనులో పిస్టన్లను నడపు క్రాంకు షాఫ్టు పైవాడు. గాలిపెట్రోలు మిశ్రమమును లోనికి రానిచ్చి, పొగను వెలికి పంపు వాల్వులను తెరచు క్యామ్ షాఫ్టు క్రిందివాడు. క్రాంకు రెండు చుట్లు తిరిగిన క్యామ్ ఒక్క చుట్టు తిరుగవలెను. అందుచే క్యామ్ చక్రమునకు పండ్లు రెట్టింపు. రెండు చక్రములను చైను కలుపును. ప్రతి చక్రముమీదను ఒక చిన్న చుక్క యుండును. ఈ యింజనులో ఆ రెండు చుక్కలును ఒకదాని కొకటి యెదురుగా, రెండు చక్రముల నడిమి బిందువులను కలుపు గీతమీద నిలిచినప్పుడు చైను వేయవలెను. చిన్న చక్రమునకు 20 పండ్లున్నవనుకొందము. ఒక్క పన్ను తప్పినచో క్రాంకు లెక్కలో 18 డిగ్రీల తేడా వచ్చును. ఇంజను నడువకపోదు, బలము మాత్రము చచ్చును.

తర్కశాస్త్రమున శబ్దప్రమాణమని యొకటి కలదు. ఆప్తుడు చెప్పిన మాట అని యర్థము. చుక్క అట్టి మాటయే. కాని దానిని విన్నవాడు సరిగా విన్నాడా యని ప్రత్యక్షముగా చూడవలదా? అంత మాత్రమే నేనంటిని. చేయి మసిచేసికొన్నది వాడే.

మొదట కంప్రెషను గేజి పెట్టి చూచితిమి. నాలుగు సిలిండర్లలోను బలము తక్కువ, కాని నాలుగింటను సమానముగా తక్కువ. రింగుల దోషమైనచో నాలుగును ఒక్కతీరున చెడుట అరుదు. కావున పిస్టన్లను నిందింప బనిలేదు. ఈ యొక్క మాటతోనే కుర్రవాని ముఖమున రక్తము వచ్చినది.

పిమ్మట మొదటి పిస్టను నిజముగా శిఖరమున నుండు తావును వెదకితిమి. ప్లగ్గులన్నియు తీసి, మొదటి ప్లగ్గు రంధ్రమున మొద్దుకొన గల బోల్టును బిగించి, క్రాంకును చేతితో మెల్లగా త్రిప్పగా పిస్టను దానికి తగిలి నిలిచినది. పుల్లీమీద సూచికకు ఎదురుగా సుద్దగీత. వెనుకకు త్రిప్పగా మరల తగిలినది, రెండవ గీత. రెండింటికి దగ్గరవైపు సరిగా నడుమనున్నదే శిఖరము. పుల్లీమీది గాడి అచటనే యున్నది. ఆ సాక్షి నిజమే చెప్పినాడు. (బోల్టును తీయుట మరువరాదు సుమండీ!)

బోల్టు తీసి, వాల్వుల సందులు సరిచూచి, పొగ పోవుట ముగిసి మిశ్రమము వచ్చుట మొదలగు శిఖరమున మొదటి సిలిండరును నిలిపితిమి. అచట రెండు వాల్వులును కొంచెము కొంచెము తెరచి యుండవలెను. మా బండిలో పొగ వాల్వు బాగుగా తెరచియే యున్నది, రెండవది కదలనే లేదు. క్యామ్ ఆలస్యముగా నడచుచున్నదని తేలినది.

చైను మూత విప్పితిమి. పైనుండి చూడగా చుక్క లెదురెదురుగానే తోచినవి! రెండు కేంద్రముల మీదుగా దారము బిగబట్టి, క్రాంకు చుక్కను దారము క్రిందికి తెచ్చి చూడగా, క్యామ్ చుక్క ఒక పన్ను ప్రక్కకున్నది. ఈ యింజనులో క్యామ్ షాఫ్టు క్రాంకుకు నిట్టనిలువున లేదు, ఒక ప్రక్కకు ఒరిగి యున్నది. కుర్రవాడు చుక్కలను నిలువుగీతకు కలిపెను, ఒరిగిన గీతకు కాదు.

చైను మార్చి వేసి, చేతితో రెండు చుట్లు త్రిప్పి, చుక్కలు మరల దారముమీదికి వచ్చెనని చూచి, క్రొత్త ఆయిలు సీలుతో మూత బిగించితిమి. మీట త్రిప్పగా కార్బురేటరులోనికి డబ్బున ప్రేలినది. కుర్రవాడు తల పట్టుకొనెను. చుక్కలు కలిసినంతమాత్రమున మొదటి సిలిండరు మండు వంతులో నున్నదని యర్థము కాదు; నాలుగవది యుండవచ్చును. చైను వేయునప్పుడు తీసిన డిస్ట్రిబ్యూటరును వాడు అరచుట్టు తేడాతో పెట్టినాడు. దానిని త్రిప్పి పెట్టగా మొదటి మీటకే పలికినది.

మరునాడు రైతే బండి నడిపెను. నేను వెనుక సీటున, కుర్రవాడు ముందు. ఘాటుమీద ఎచటను నిలువలేదు. లంబసింగిలో టీ త్రాగునప్పుడు రైతు మూత యెత్తి చూచి, నీరు మరగలేదని నిశ్చయించుకొని, మిగిలిన కూలి సొమ్ము లెక్కపెట్టి కుర్రవాని చేతిలో నుంచెను. కూతురు పెండ్లి శ్రావణమున జరిగినది. బండి నడిపినవాడు మా కుర్రవాడే.