వృద్ధాప్యమునకు ముందుచూపు



రేపటిని గూర్చి చింత వద్దని ప్రభువు చెప్పగా పొదుపు ఎందుకని కొందరు అడుగుదురు. ఐగుప్తులో యోసేపు పంటలో అయిదవ వంతు దాచించినది చింతవలన కాదు, కరవు వచ్చునని ఎరిగియే. ముసలితనమును అట్టిదే.

ఉద్యోగస్థులకు భవిష్యనిధి కలదు. కూలిపని చేయువారి మాటేమి? ఆదాయపు పన్ను కట్టనివారికి 2015లో ప్రారంభమైన అటల్ పెన్షన్ యోజన ఉన్నది. 18వ ఏట చేరి నెలకు 210 రూపాయలు కట్టినచో 60 ఏండ్లు నిండిన పిమ్మట నెలకు 5,000 వచ్చును. 40వ ఏట చేరువాడు అంతే పెన్షనుకు నెలకు 1,454 కట్టవలెను. ఆలస్యమునకు వెల అది! నలుబది దాటిన నా వంటివారికి ఆ తలుపు మూయబడినది. కనుక యౌవనస్థులతోనే చెప్పుచున్నాను. భర్త మరణించినను అదే పెన్షను భార్యకు వచ్చును. మన సంఘములలోని విధవరాండ్రను ఎరిగిన మీకు దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక పదవీ విరమణ సొమ్ము. అది చేతికి రాకమునుపే పెండ్లికని, ఇంటికని పంచివేయుదురు. పిల్లలు ఎంత మంచివారైనను మొత్తము ఇచ్చివేయకుడి. అరువది నిండినవారు తపాలా కార్యాలయములో సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకమున 30 లక్షలవరకు వేయవచ్చును; మూడు నెలలకొకసారి వడ్డీ ఇత్తురు. భార్య పేరును జతచేసి వ్రాయించుడి. పాసుపుస్తకము ఏ పెట్టెలో ఉన్నదో ఆమెకు చెప్పుడి.