ట్రాక్టర్ రంగు రెండో వానాకాలానికే ఎందుకు లేచింది? పెయింట్ వెనక అసలు కథ

ఇవాళ ఫోన్లు లేవు, యాప్‌లు లేవు. ఇవాళ ట్రాక్టర్ పెయింట్ గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. చివరిదాకా వినండి, ఎందుకంటే ఇందులో ఒక మనిషి ఊపిరి సంగతి ఉంది.

మాది తొర్రూరు అని మీకు తెలుసు కదా. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద. మా బాపు దగ్గర ఒక పాత ఎర్ర ట్రాక్టర్ ఉంది. రెండేళ్ల కింద రోడ్డు పక్క షెడ్డులో దానికి కొత్తగా రంగు వేయించాడు. మొదటి వానాకాలం అద్దంలా మెరిసింది. రెండో వానాకాలం కరిగెట దున్ని ఇంటికొచ్చాక చూస్తే, మడ్‌గార్డు మీద బుడగలు. గోరుతో గీకితే పెచ్చు ఊడింది. కింద అంతా తుప్పు. బాపు ఒకటే మాట: "వాడు కల్తీ రంగు కొట్టిండు. పోయి అడుగురా."

పోయే ముందు నేను కొంచెం చదివాను. సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసినా ఆ అలవాటు పోలేదు. బగ్ కనిపిస్తే మూలం దాకా పోవాలి.

ముందు కార్ల సంగతి చూద్దాం. వందేళ్ల కింద కారుకు రంగు అంటే గుర్రబ్బండికి వేసినట్టే. బ్రష్‌తో వార్నిష్ పూయడం, ఆరబెట్టడం, రుద్దడం, మళ్లీ పూయడం. ఒక్క కారుకు వారాలు పట్టేది. ఫోర్డ్ మోడల్ టీ 1914 నుంచి 1925 వరకు నలుపు రంగులో మాత్రమే వచ్చింది. ఆ నలుపు చవక, గట్టిది, పొయ్యి లాంటి గదుల్లో కాల్చి ఆరబెట్టొచ్చు. అంటే అప్పట్లో అసలు సమస్య రంగు కాదు ఫ్రెండ్స్, ఆరడం.

1923లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే లక్క తెచ్చింది. సినిమా రీలు చేసే నైట్రోసెల్యులోజ్‌తోనే దీన్నీ చేశారు. జనరల్ మోటార్స్ వాళ్ల ఓక్లాండ్ కారు నీలం రంగులో వచ్చింది దీనితోనే. వారాల పని గంటల్లోకి దిగింది. కానీ ఇది బ్రష్ వేసేలోపే ఆరిపోతుంది, గన్‌తో కొట్టాలి. ఆ గన్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? అమెరికాలో టొలీడో ఊళ్లో అలెన్ డివిల్బిస్ అనే డాక్టర్, గొంతు నొప్పికి మందు చిమ్మడానికి ఒక స్ప్రే చేశాడు. ఆయన కొడుకు దాన్నే పెయింట్ గన్‌గా మార్చాడు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇక ట్రాక్టర్. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ట్రాక్టర్లు మొదట్లో బూడిద రంగు. 1936 చివర్లో ఎరుపుకు మారాయి. 1963లో ఆ కంపెనీతో కలిసే మహీంద్రా ఇక్కడ ట్రాక్టర్లు మొదలుపెట్టింది. మన పొలాల్లో తిరిగే ఎరుపుకు ఆ చుట్టరికం ఉంది. ఇప్పుడు మన జహీరాబాద్‌లోనే మహీంద్రా ట్రాక్టర్ ఫ్యాక్టరీ ఉంది, 2013 నుంచి.

అసలు మలుపు 1960లలో వచ్చింది. ఫోర్డ్‌లో జార్జ్ బ్రూవర్ టీమ్, బాడీ మొత్తాన్ని రంగు నీళ్ల తొట్టిలో ముంచి కరెంటు పెట్టింది. గన్ చేరని సందుల్లోకి కూడా రంగు పోయి అతుక్కుంటుంది. ఇప్పటి ఫ్యాక్టరీల్లో ముందు రేకును కడిగి, ఫాస్ఫేట్ పట్టించి, ఇలా ముంచి, కొలిమిలో కాలుస్తారు. మెరిసే రంగు ఆ తర్వాత. తుప్పును ఆపేది మనకు కనబడే ఎరుపు కాదు, కనబడని ఆ అడుగు పొర.

రోడ్డు పక్క షెడ్డులో ఆ తొట్టి ఉండదు. అక్కడ ఉన్నది ఎమరీ పేపరు, ప్రైమరు, మనిషి ఓపిక.

ఇంత తెలుసుకుని షెడ్డుకు పోయాను. పెయింటర్ అన్న కోప్పడలేదు. ఖాళీ డబ్బా తెచ్చి చూపించాడు. "తమ్మీ, రంగు మంచిదే. తుప్పంతా గీకాలె, రెండు రోజులు ఎక్కువ ఇయ్యుమన్న. ఇంట్ల పెండ్లి ఉంది, జల్ది గావాలె అన్నడు మీ బాపు."

నా దగ్గర జవాబు లేదు.

మాట్లాడుతుంటే ఆయన మధ్యమధ్యలో ఆగి దగ్గుతున్నాడు. రాత్రయితే పిల్లికూతలు, పడుకోలేకపోతున్నానన్నాడు. గన్ కొట్టేటప్పుడు మూతికి కట్టుకునేది తువ్వాల. పక్కన హార్డ్‌నర్ డబ్బా ఉంది.

ఫ్రెండ్స్, ఇక్కడ జాగ్రత్తగా వినండి. రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ పెయింట్ అసలు కెమిస్ట్రీ 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ కనిపెట్టాడు. మెరుపు, గట్టితనం సూపర్. కానీ హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. పెయింటర్లకు ఆస్తమా తెచ్చేవి ఇవే. ఒకసారి ఒంటికి పడకుండా అయితే తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. తువ్వాల, సర్జికల్ మాస్క్ దీన్ని ఆపవు. బయటి నుంచి మంచి గాలి పైపుతో వచ్చే మాస్క్ కావాలి. గొంతు బాగుచేయడానికి పుట్టిన స్ప్రే చివరికి గొంతు మీదికే వచ్చింది, చూశారా?

ఇంకోటి. 2017 నవంబర్ నుంచి ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటొద్దని మన దేశంలో రూల్ ఉంది. ఆ రూల్ ఇంటి రంగులకే, బండి రంగులకు కాదు. పాత పసుపు, ఎరుపు రంగుల్లో సీసం ఉండొచ్చు. అందుకే పొడిగా గీకొద్దు, నీళ్లు పోసి గీకించండి. పిల్లల్ని అక్కడికి రానివ్వొద్దు.

"డాక్టర్‌కు చూపించుకో అన్నా, హార్డ్‌నర్ కొడతానని తప్పకుండా చెప్పు" అన్నాను. సరే అన్నాడు. మాస్క్ మాట ఎత్తితే నవ్వాడు. "ఆ పైసలు గిరాకి ఇస్తడా తమ్మీ?"

ఇంటికొచ్చి బాపుకు అంతా చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి నాలుగు రోజులు ఎక్కువ ఇద్దాం. ఆ మాస్క్ ఎంతనో అడుగు" అన్నాడు.

మీ ఊళ్లో కూడా బండికి రంగు వేయిస్తే రేటు ఒక్కటే అడగకండి. తుప్పు గీకడానికి టైమ్ ఇచ్చారా, కొట్టే అన్న మూతికి ఏముంది, ఈ రెండూ చూడండి. తెలిసిన పెయింటర్ ఉంటే ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!